బయాప్సీ అయ్యాక, రిపోర్టు వచ్చేలోపు

రొమ్ములో సూది పెట్టి ముక్క తీస్తారు, పైన పట్టీ అతికిస్తారు, "రిపోర్టు వచ్చాక ఫోన్ చేస్తాం" అని ఇంటికి పంపిస్తారు. అసలు కష్టం ఆ మాటతోనే మొదలవుతుంది. ఎప్పుడు చేస్తారు, ఎవరు చేస్తారు, చేయకపోతే ఏమనుకోవాలి అన్నది తెలియక, ఫోను మోగినా గుండె జారుతుంది, మోగకపోయినా జారుతుంది.

ముందుగా ఒక మాట. ఈ రోజుల్లో మనసు మనసులో లేకపోవడం మీ పిరికితనం కాదు. 2009లో రేడియాలజీ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. రొమ్ము బయాప్సీ చేయించుకున్న 126 మంది స్త్రీల లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును కొలిచారు. ఐదు రోజులైనా ఫలితం తెలియని వారిలో ఆ హార్మోను తీరు, క్యాన్సర్ అని తెలిసిన వారిలో ఉన్నట్టే ఉంది. ప్రమాదం లేదని తెలిసిన వారిలో వేరుగా ఉంది. అంటే తెలియకపోవడాన్ని శరీరం చెడు కబురులాగే మోస్తుంది. కాబట్టి ఈ రోజుల్లో చేయగలిగిన మంచి పని, తెలుసుకోగలిగినంత మేర తెలుసుకుని ఉంచుకోవడం. తెలియని చోటు ఎంత తగ్గితే మనసు అల్లుకునే కథలకు అంత చోటు తగ్గుతుంది.

ఆసుపత్రి వదిలే ముందు అడగాల్సినవి

ఇప్పటికే ఇంటికి వచ్చేసి ఉంటే ఫోన్ చేసి అడగండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు, ఇవి అక్కడి సిబ్బంది రోజూ జవాబు చెప్పే ప్రశ్నలే. జవాబులు మీ చేతితో కాగితం మీద రాసుకోండి. కంగారులో విన్నది సగం గుర్తుండదు.

• రిపోర్టు ఏ రోజుకు రావచ్చు? ఆలస్యమైతే ఏ రోజు దాటకూడదు? (రెండు తేదీలూ అడగండి.)
• ఎవరు చెబుతారు? బయాప్సీ చేసిన రేడియాలజిస్టా, సర్జనా, నన్ను ఇక్కడికి పంపిన డాక్టరా?
• ఫోన్‌లో చెబుతారా, రమ్మంటారా? మంచి ఫలితానికైనా రమ్మనడమే మీ పద్ధతా?
• రెండో తేదీ దాటితే నేను ఏ నంబరుకు, ఏ వేళల్లో ఫోన్ చేయాలి? ఎవరిని అడగాలి?
• ఎన్ని ముక్కలు తీశారు? గుర్తు కోసం క్లిప్ పెట్టారా?
• నా మామోగ్రామ్‌కో స్కానింగ్‌కో ఇచ్చిన బైరాడ్స్ అంకె (క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే అంకె) ఎంత?

వీటిలో మూడోది చాలామంది అడగరు, తరువాత దానివల్లే రాత్రంతా మేలుకుంటారు. కొన్ని చోట్ల ఏ ఫలితమైనా ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడమే నియమం. ఆ సంగతి ముందే తెలియకపోతే, "ఒకసారి వచ్చి కలవండి" అన్న ఫోను రాగానే క్యాన్సర్ అని ఖాయం చేసేసుకుంటారు.

అలాగే, రిపోర్టు ఫోన్‌లోని యాప్‌లోకి గానీ ఈమెయిల్‌కు గానీ నేరుగా వస్తుందేమో కనుక్కోండి. వచ్చేట్టయితే అది డాక్టరు చూడకముందే మీ కంటపడవచ్చు. తెరవాలా వద్దా అన్నది ఇవాళే నిర్ణయించుకోండి, మోత మోగిన క్షణంలో కాదు. మా సలహా ఇది: ఒంటరిగా ఉన్నప్పుడు, రాత్రి వేళ, లేదా డాక్టరును అడిగే వీలు లేని సెలవు రోజుల ముందు తెరవవద్దు. ఆగలేని స్వభావమైతే, నమ్మకమైన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని తెరవండి. యాప్ నుంచి వచ్చే మోతలను ఈ వారం ఆపేసి ఉంచినా మంచిదే.

ల్యాబులో మీ ముక్కకు ఏం జరుగుతోంది

ఆలస్యానికి అర్థం వెతకడం అందరూ చేసే పని. "ఇన్ని రోజులు పట్టిందంటే ఏదో ఉంది" అనుకుంటారు. ల్యాబులో జరిగే పని క్రమం తెలిస్తే ఈ అనుమానం చాలావరకు సడలుతుంది.

ముక్క తీయగానే ఫార్మలిన్ ద్రవంలో వేస్తారు. సాధారణంగా తీసిన గంటలోపే వేయాలి. ఆ ద్రవం కణజాలాన్ని కుళ్ళనివ్వకుండా, ఉన్నది ఉన్నట్టు గట్టిపరుస్తుంది. రొమ్ము ముక్కలు అందులో కనీసం 6 గంటలు, గరిష్ఠంగా 72 గంటలు ఉండాలన్నది ప్రమాణం. తొందరపడి 6 గంటలకు ముందే తీస్తే, తరువాత హార్మోను గ్రాహకాల పరీక్ష (హార్మోన్లను పట్టుకునే గ్రాహకాలు కణాల్లో ఉన్నాయా అని చూసేది) అవసరమైతే అది తప్పుగా లేవని చూపించే ప్రమాదం ఉంది. కాబట్టి మొదటి రోజు మొత్తం కేవలం నానడానికే పోతుంది. దీన్ని ఎవరూ వేగిరపరచలేరు, పరచకూడదు కూడా.

ఆ తరువాత ఒక యంత్రం, చాలాచోట్ల రాత్రిపూట, ముక్కలోని నీటిని ఆల్కహాల్‌తో లాగేసి, జైలీన్‌తో ఆ ఆల్కహాల్‌ను తొలగించి, కరిగిన మైనాన్ని ఎక్కిస్తుంది. ఉదయానికి అది మైనపు దిమ్మె అవుతుంది. దాన్నే బ్లాక్ అంటారు. మైక్రోటోమ్ అనే కత్తి యంత్రంతో ఆ దిమ్మెను 3 నుంచి 5 మైక్రాన్ల పలుచటి పొరలుగా కోస్తారు, తల వెంట్రుక మందంలో పదిహేనో ఇరవయ్యో వంతు. వాటిని గాజు పలకల మీద పరిచి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు వేస్తారు. కేంద్రకాలు ఊదా నీలంగా, మిగతాది గులాబీగా కనబడుతుంది. అప్పుడు గానీ పాథాలజిస్టు సూక్ష్మదర్శిని ముందు కూర్చోరు. అంతా సాఫీగా సాగితే మూడో రోజుకల్లా మొదటి చూపు పడుతుంది. మధ్యలో శని ఆదివారాలు వస్తే ఆ రోజులు కలుపుకోవాలి.

చాలామందికి రెండు నుంచి ఏడు పనిదినాల్లో జవాబు వస్తుంది. ఇంకా ఆలస్యమైతే కారణాలు ఇవి కావచ్చు.

మామోగ్రామ్‌లో సున్నపు చుక్కలు కనబడి బయాప్సీ చేసి ఉంటే, ఆ చుక్కలు పలకల మీద కూడా కనబడాలి. కనబడకపోతే బ్లాకును ఇంకా లోతుగా కోసి కొత్త పొరలు తీస్తారు. కొన్ని రకాల సున్నం మామూలు వెలుతురులో కనబడదు, ధ్రువీకరించిన కాంతి కింద పెట్టి వెతకాలి. ఇందులో ఒకటి రెండు రోజులు పోతాయి, క్యాన్సర్ ఉండటానికీ లేకపోవడానికీ దీనితో సంబంధం లేదు.

ప్రత్యేక రంగులు మరో కారణం. వీటిని ఇమ్యునో పరీక్షలంటారు. ఇవి క్యాన్సర్ తేలాకే చేస్తారన్న అభిప్రాయం జనంలో ఉంది, అది సగమే నిజం. పాలనాళాల లోపల కణాలు మామూలుగా పెరిగాయా, వింతగా పెరిగాయా అని తేల్చడానికీ ఇదే రకం పరీక్షలు చేస్తారు. నాళం చుట్టూ ఉండే కండర కణాల పొర చెక్కుచెదరకుండా ఉందో లేదో చూడటానికి పి63 లాంటివి వాడతారు. ఆ పొర ఉందని తేలడం మంచి కబురే. కాబట్టి "అదనపు పరీక్షకు పంపాం" అన్న ఒక్క మాటను పట్టుకుని ఏ ముగింపుకూ రావద్దు.

మూడోది, రెండో పాథాలజిస్టు చూడటం. అంచున ఉన్న కేసుల్లో ఒకరి మాట మీద ఆధారపడకుండా మరొకరికి చూపిస్తారు. ఇది మీకు మేలు చేసే ఆలస్యం. పొరపాటు రిపోర్టు మూడు రోజుల ముందు రావడం కన్నా సరైన రిపోర్టు మూడు రోజుల తరువాత రావడం ఎంతో నయం.

సన్నసూదితో కేవలం కణాలను పీల్చి తీసే ఎఫ్ఎన్ఏసీ పరీక్షకు ఈ మైనపు తంతు ఎక్కువగా ఉండదు, అందుకే అది తొందరగా తేలుతుంది. పక్క మంచం మనిషికి మర్నాడే జవాబు వచ్చి మీకు రాకపోతే, ఇద్దరికీ జరిగిన పరీక్ష ఒకటేనా అని ముందు కనుక్కోండి.

ఈ కొన్ని రోజుల ఎదురుచూపులో జబ్బు ముదిరిపోతుందేమోనన్న భయం కూడా ఉంటుంది. రొమ్ము క్యాన్సర్లు సాధారణంగా నెలలు, ఏళ్ళ తరబడి పెరిగేవి. వారం పది రోజుల తేడాతో చికిత్స ఫలితం మారిపోదు. ఒక మినహాయింపు: రొమ్ము రోజుల వ్యవధిలో ఎర్రబడి, వాచి, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడుతుంటే రిపోర్టు కోసం ఆగకుండా డాక్టరుకు చూపించండి.

బైరాడ్స్ అంకెను ఎలా చదవాలి

బయాప్సీ చేయమన్నారంటే అనుమానం ఉందనే అర్థం. అయితే ఆ అనుమానం ఎంత అన్నదానికి ఒక కొలత ఉంది. 4ఎ అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించి 10 శాతం దాకా. అంటే 4ఎ వచ్చిన నూరుమందిలో కనీసం తొంభై మందికి అది హానిలేనిదే. 4బి అంటే 10 నుంచి 50 శాతం. 4సి అంటే 50 నుంచి 95 లోపు. 5 అంటే 95 శాతం, ఆ పైన.

ఈ నాలుగింటి మధ్య ఇంత దూరం ఉంది గనుకే అంకె అడగమన్నాం. "బైరాడ్స్ 4" అని మాత్రమే విని ఇంటికొచ్చిన మనిషి తనది 4ఎ అని తెలిస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. 4సి, 5 అయితే ఆ అంకె వినడం కష్టమే. కానీ అప్పుడు ఈ వారాన్ని వాడుకోవాల్సిన తీరు వేరు: ఫలితం రోజున ఎవరు వెంట రావాలి, సెలవు ఎలా పెట్టాలి, సర్జన్ అపాయింట్‌మెంటు ఇప్పుడే పెట్టుకోవచ్చా అన్నవి ముందే చూసుకోవచ్చు. చాలాచోట్ల రిపోర్టు రాకముందే ఆ తేదీ ఇస్తారు, అడిగితే.

మొదటి రెండు రోజులు శరీరాన్ని చూసుకోవడం

గాయం దగ్గర ప్రతి చిన్న సలుపూ భయాన్ని రేపుతుంది. ఏది మామూలో ముందే తెలిసి ఉండటం అందుకే అవసరం.

ఇంటికొచ్చిన రోజు మంచు ముక్కల సంచిని పలుచటి గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెట్టండి, గంటో రెండు గంటలో ఆగి మళ్ళీ పెట్టండి. నేరుగా చర్మం మీద పెడితే చర్మం కాలినట్టవుతుంది. బిగుతుగా పట్టి ఉంచే బ్రా ఒకటి రెండు రోజులు, రాత్రి కూడా, వేసుకునే ఉండండి. రొమ్ము కదలకుండా ఉంటే లోపల రక్తం చేరడం తగ్గుతుంది, నొప్పి కూడా. వైర్ ఉన్నవి వద్దు. రెండు రోజులు బరువులెత్తకండి, ఆ వైపు చేత్తో ఊడ్చడం, పిండటం, చంటిపిల్లల్ని ఎత్తుకోవడం లాంటివి ఆపండి. స్నానం గురించి మీకు చెప్పిన గడువు పాటించండి, సాధారణంగా ఒక రోజు. గాయం మీద అడ్డంగా అతికించిన సన్నని పట్టీలను పీకవద్దు, కొన్ని రోజుల్లో అవే ఊడతాయి.

నొప్పికి పారాసిటమాల్ చాలు. పెద్దవారికి ఒకసారికి 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, మళ్ళీ వేసుకోవడానికి 4 నుంచి 6 గంటల ఎడం, రోజు మొత్తం మీద 4000 దాటకూడదు. కాలేయ జబ్బున్నవారు ముందు డాక్టరును అడగాలి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి కనుక సొంతంగా వేసుకోవద్దు. గుండె కోసమో మరి దేనికోసమో రక్తం పలుచబడే మందులు ఇప్పటికే వాడుతుంటే వాటిని మీ అంతట మీరు ఆపవద్దు, మొదలుపెట్టనూ వద్దు. రాసిచ్చిన డాక్టరు చెప్పినట్టే చేయండి.

చర్మం నల్లగా, తరువాత ఆకుపచ్చగా, పసుపుగా మారడం మామూలే. రెండు వారాలు పట్టవచ్చు, బరువుకు కిందికి జారి బయాప్సీ చోటికి దూరంగా కూడా కనబడవచ్చు. ఆ చోట కొత్తగా గట్టి ఉండ తగిలితే అది చాలాసార్లు లోపల చేరిన రక్తం. "గడ్డ పెద్దదైంది" అని భయపడి పదేపదే నొక్కి చూసేవారు ఎక్కువ. నొక్కేకొద్దీ వాపు పెరుగుతుంది, భయం కూడా పెరుగుతుంది. చెయ్యి అటు పోకుండా చూసుకోండి. నొప్పి ఎక్కువా తక్కువా అన్నది రిపోర్టు గురించి ఏమీ చెప్పదు. నొప్పి సూది వల్ల, ముక్కలోని కణాల వల్ల కాదు.

రక్తం కారితే అరచేత్తో గట్టిగా, తీసి చూడకుండా 10 నుంచి 15 నిమిషాలు నొక్కిపట్టండి. అప్పటికీ ఆగకపోయినా, రొమ్ము గంటల్లో వేగంగా ఉబ్బుతున్నా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, చీము కారినా, ఎరుపు పాకుతున్నా ఆసుపత్రికి ఫోన్ చేయండి. హఠాత్తుగా ఊపిరాడకపోయినా, ఛాతీలో పొడిచినట్టున్నా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళండి. ఇది చాలా అరుదు, అయినా ఆలస్యం చేయకూడనిది.

లోపల పెట్టిన క్లిప్ నువ్వుగింజంత ఉంటుంది, చాలావరకు టైటానియందే. అది బయటినుంచి చేతికి తగలదు, నొప్పి పెట్టదు. క్యాన్సర్ అనుకున్నారు గనుకే పెట్టారేమో అని బెంగపడవద్దు. తీసిన చోటును తరువాతి మామోగ్రామ్‌లలో గుర్తుపట్టడానికి, ఫలితం ఏదైనా, ఎందరికో పెడతారు.

దిగులును ఒక వేళకు కట్టడి చేయడం

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, రివర్‌సైడ్‌లోని మనస్తత్వ శాస్త్రవేత్త కేట్ స్వీనీ ఎదురుచూపు మీదే ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. న్యాయవాద అర్హత పరీక్ష రాసి ఫలితం కోసం నాలుగు నెలలు ఆగాల్సిన వారిని గమనిస్తే, ఆలోచన రాకుండా అణిచిపెట్టడం, బలవంతంగా ధైర్యం తెచ్చుకోవడం లాంటి ప్రయత్నాలు వారి బెంగను పెద్దగా తగ్గించలేదు. బెంగపడుతూ గడిపినవారే ఫలితం వచ్చాక, అది మంచైనా చెడైనా, మెరుగ్గా తట్టుకున్నారు. అందుచేత "పాజిటివ్‌గా ఉండు, అంతా మంచే జరుగుతుంది" అని ఎవరైనా అంటే, అలా ఉండలేకపోతున్నందుకు మీరు అపరాధభావం పెట్టుకోనక్కర్లేదు. ముక్క ఇప్పటికే మైనంలో ఉంది. మీరు ఏడ్చినా నవ్వినా అందులోని కణాలు మారవు.

అలాగని రోజంతా దిగులుకు అప్పగించాల్సిన పనీ లేదు. దానికి ఒక వేళ పెట్టండి. రోజూ ఒకే సమయంలో, పడుకోవడానికి కనీసం రెండు గంటల ముందు, 20 నిమిషాలు. గడియారం పెట్టుకుని కూర్చుని, మనసులోకి వచ్చిన భయాలన్నీ కాగితం మీద రాయండి. రాసినదాన్ని రెండు కుప్పలు చేయండి. ఒకటి, చేయగలిగిన పని ఉన్నవి: "సెలవు దొరకదేమో", "పాప బడి సంగతి ఎవరు చూస్తారు". వాటి పక్కన రేపు వేయాల్సిన ఒక్క అడుగు రాయండి. రెండు, రిపోర్టు వస్తే తప్ప జవాబు లేనివి: "క్యాన్సరేనేమో", "ఎంత కాలం ఉంటానో". వాటి పక్కన రిపోర్టు తేదీ రాయండి. మిగతా రోజులో అవే ఆలోచనలు వస్తే, "సాయంత్రం రాసుకుందాం" అని పక్కన పెట్టండి. మొదటి రెండు రోజులు ఇది కుదరదు, మనసు మొరాయిస్తుంది. మూడో రోజుకు కొంచెం మాట వింటుంది.

పొద్దు గడవడానికి ఏ పని పెట్టుకోవాలన్నది కూడా ముఖ్యమే. టీవీ చూస్తే కళ్ళు తెర మీద ఉంటాయి, మనసు ఫోను మీద ఉంటుంది. స్వీనీ పరిశోధనల్లో ఎదురుచూపును తేలిక చేసినది, మనిషి పూర్తిగా మునిగిపోయే పని. అలాంటి పనికి నాలుగు గుణాలుండాలి: చేతికీ బుర్రకీ కొంచెం కష్టం కావాలి, మరీ అందనంత కష్టం కాకూడదు, ముందుకు సాగుతున్నట్టు కంటికి కనబడాలి, మధ్యలో ఆపితే ఎక్కడ ఆపామో తెలియాలి. కుట్టుపని, అల్లిక, ఏళ్ళుగా వాయిదా పడ్డ ఫోటోల సర్దుబాటు, కొత్త పాట నేర్చుకోవడం, లెక్కల పజిళ్ళు, పెరటి పని (బరువు లేనంత వరకు). ఉద్యోగం అలాంటిదైతే పనికి వెళ్ళడమే మేలు. పొరపాటు జరిగితే ఎవరికైనా ప్రమాదం తెచ్చే ఉద్యోగమైతే మాత్రం, నిద్రలేని రోజున వెళ్ళవద్దు.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆ మాట నిజమే, కాకపోతే దానికి వేళ ఉంది. మొదటి రోజు నుంచే కీడెంచుతూ కూర్చుంటే పది రోజులూ ఆ కీడులోనే బతకాల్సి వస్తుంది. ఫలితం చెప్పే ముందు రోజు సాయంత్రం ఒక అరగంట, "అదే అయితే మొదట ఏం చేస్తాం" అని ఇంట్లోవారితో కూర్చుని మాట్లాడుకోండి. ఆ తయారీ అప్పుడు పనికొస్తుంది, వార్త తగిలినప్పుడు దెబ్బ కొంత తగ్గుతుంది.

ఇంటర్నెట్‌లో వెతకడం

వెతకొద్దంటే ఎవరూ ఆగరు, కాబట్టి హద్దు పెట్టుకోండి. రోజుకు ఒకసారి, 15 నిమిషాలు, పగటిపూట. క్యాన్సర్ ఆసుపత్రుల, ప్రభుత్వ వైద్య సంస్థల పేజీలు మాత్రమే. ఈ వారం చదవదగ్గవి: బయాప్సీ రిపోర్టులోని మాటలకు అర్థాలు, డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు.

చదవకూడనివి: ఎంతమంది ఎన్నేళ్ళు బతుకుతారన్న లెక్కలు. ఎందుకంటే అవి దశను బట్టి, గ్రేడును బట్టి, గ్రాహకాలను బట్టి మారిపోతాయి. మీ చేతిలో ఇప్పుడు అవేవీ లేవు. అసలు క్యాన్సర్ అవునో కాదో తెలియదు. ఐదేళ్ళ లెక్క అంటే కనీసం ఐదేళ్ళ కిందట జబ్బు తేలినవారి లెక్క, అప్పటి చికిత్సల ఫలితం. మీకు సంబంధం లేని అంకెను తెచ్చుకుని రాత్రంతా మోయడమే అవుతుంది. మీ స్కానింగ్ బొమ్మలను ఇంటర్నెట్‌లోని బొమ్మలతో పోల్చడం కూడా అంతే. ఫైబ్రోఅడినోమా (క్యాన్సర్ కాని ఒక రకం గడ్డ), కొవ్వు కణాలు దెబ్బతిని ఏర్పడిన గడ్డ, మచ్చకట్టిన కణజాలం తెరమీద క్యాన్సర్‌లా కనబడవచ్చు. అందుకే గదా బయాప్సీ చేసింది.

రాత్రులు

పగలు ఎలాగో నెట్టుకొచ్చినవారు కూడా తెల్లవారుజామున మూడింటికి ఓడిపోతారు. పక్క మీద 20 నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే లేచి వేరే గదిలోకి వెళ్ళండి. మసక వెలుతురులో ఇదివరకే చదివిన పుస్తకమేదైనా తిరగేయండి, కన్ను మూతపడుతుంటేనే పక్క మీదికి రండి. పక్క మీద దొర్లుతూ భయపడితే పక్కే భయానికి గుర్తయిపోతుంది, రిపోర్టు వచ్చాక కూడా నిద్ర పట్టదు. గడియారాన్ని గోడవైపు తిప్పేయండి. ఫోను వేరే గదిలో ఉంచండి, అర్ధరాత్రి ల్యాబు నుంచి ఎవరూ ఫోన్ చేయరు.

గుండె దడదడలాడితే నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు. వదిలే ఊపిరి పొడవుగా ఉండటమే ఇందులో కీలకం, దానితో గుండె వేగం తగ్గుతుంది. కాఫీ, టీలు మధ్యాహ్నం తరువాత ఆపేయండి. మద్యం తాగితే నిద్ర వచ్చినట్టే వచ్చి నడిరాత్రి మెలకువ తెస్తుంది. ఇంట్లో ఇంకొకరికి రాసిచ్చిన నిద్రమాత్రలు ముట్టుకోవద్దు. రెండు రోజులుగా నిద్రా తిండీ లేకపోతే డాక్టరుకు ఆ మాటే చెప్పండి, కొద్దిరోజులకు సరిపడా మందు ఇవ్వగలరు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఉదయం దాకా ఆగకుండా ఇంట్లోవారిని లేపి, ఆ క్షణమే సాయం అడగండి.

ఎవరికి చెప్పాలి

అందరికీ చెబితే ప్రతి రోజూ పదిమందికి "ఇంకా రాలేదు" అని జవాబివ్వాలి. ఎవరికీ చెప్పకపోతే ఒక్కరే మోయాలి. ఒకరినో ఇద్దరినో ఎంచుకోండి: భయపడినా పైకి తేలనివారు, మీరు చెప్పింది వినగలవారు. వారికి పని స్పష్టంగా చెప్పండి. "నాకు సలహా వద్దు, రోజూ రాత్రి తొమ్మిదింటికి ఒకసారి ఫోన్ చెయ్యి చాలు." "రిపోర్టు రోజున నాతో రా, డాక్టరు చెప్పింది రాసుకో." మిగతావారికి కబురు చేరవేసే బాధ్యత కూడా వారికే అప్పగించవచ్చు.

భర్తకో తోబుట్టువుకో మాటలు రాక మౌనంగా ఉంటే దాన్ని పట్టనితనం అనుకోవద్దు. వారికీ చేతుల్లో పని ఏదైనా పెడితే తేరుకుంటారు: ఫైలు సర్దడం, సెలవు సంగతి, ఫోన్ నంబర్లు. పిల్లలకు అబద్ధం చెప్పవద్దు, అంతా చెప్పనూ అక్కర్లేదు. "అమ్మకు ఇక్కడ చిన్న పరీక్ష చేశారు, నొప్పిగా ఉంది, రెండు రోజులు నిన్ను ఎత్తుకోలేను. డాక్టరు ఏం చెప్పారో నీకూ చెబుతాను." చిన్నవాళ్ళకు ఈ మాత్రం చాలు. ఇంట్లో గుసగుసలు వింటే వాళ్ళు ఊహించుకునేది దీనికన్నా భయంకరంగా ఉంటుంది.

ఫలితం చెప్పే రోజు

అడిగి రాసుకున్న రెండో తేదీ దాటగానే, ఆ మర్నాడు ఉదయమే మీరే ఫోన్ చేయండి. "ఏదైనా ఉంటే వాళ్ళే చెబుతారులే" అనుకోవడం ప్రమాదం. రిపోర్టులు పక్క ఫైల్లో పడిపోవడం, పాత ఫోను నంబరుకు వెళ్ళడం జరుగుతుంటాయి. రిపోర్టు రాకపోతే అది బాగున్నట్టు కాదు, రాలేదన్నట్టు మాత్రమే. పేరు, పుట్టిన తేదీ, బయాప్సీ జరిగిన రోజు, ఏ వైపు రొమ్ము అన్నవి దగ్గర పెట్టుకుని మాట్లాడండి. మాట్లాడినవారి పేరు, మళ్ళీ ఎప్పుడు చేయాలో రాసుకోండి.

జవాబు వచ్చేటప్పుడు కాగితం, కలం, వెంట మనిషి. వెంట ఎవరూ లేకపోతే అనుమతి అడిగి ఫోనులో రికార్డు చేసుకోండి. "క్యాన్సర్" అన్న మాట చెవిన పడ్డాక తరువాతి పది నిమిషాలు చాలామందికి ఏమీ ఎక్కదు.

మాటలు ఇలా ఉండవచ్చు. ఫైబ్రోఅడినోమా, ఫైబ్రోసిస్టిక్ మార్పు, కొవ్వు నెక్రోసిస్, మామూలు నాళ హైపర్‌ప్లేసియా అంటే క్యాన్సర్ కాదు. ఎటిపికల్ హైపర్‌ప్లేసియా, ఎల్‌సీఐఎస్, కొన్ని రకాల పాపిల్లోమా, రేడియల్ స్కార్ లాంటివి మధ్యస్థం: క్యాన్సర్ కాకపోయినా చుట్టూ ఇంకొంత తీసి చూడాల్సి రావచ్చు, లేదా దగ్గరగా గమనిస్తూ ఉండాలి. సూది తీసింది చిన్న ముక్కే కదా, పక్కన ఏముందో తేల్చుకోవడం అందుకే. డీసీఐఎస్ అంటే క్యాన్సర్ కణాలు పాలనాళం లోపలే ఉండి గోడ దాటనివి. ఇన్వేసివ్ అన్న మాట ఉంటే గోడ దాటినట్టు. అప్పుడు గ్రేడు ఎంత అని అడగండి, 1 నుంచి 3 దాకా ఉంటుంది. కణాలు మామూలు వాటికి ఎంత భిన్నంగా ఉన్నాయో చెప్పే కొలత అది. దశ వేరే సంగతి, దాన్ని ఈ రిపోర్టు ఒక్కటీ చెప్పలేదు. ఈఆర్, పీఆర్ (హార్మోను గ్రాహకాలు), హెర్2 (కణాల పెరుగుదలను నడిపే ఒక ప్రోటీను) ఫలితాలు కొన్ని రోజులు వెనక రావడం మామూలే. హెర్2 కు 2+ వస్తే అటూ ఇటూ తేలనట్టు, ఫిష్ అనే మరో పరీక్షకు పంపుతారు. ఇంకో ఎదురుచూపు అది, దానికీ తేదీ అడగండి.

క్యాన్సర్ కాదన్నప్పుడు ఆనందంలో ఒక ప్రశ్న మరిచిపోతారు: "ఈ రిపోర్టు స్కానింగ్‌లో కనబడినదానితో సరిపోతుందా?" తెరమీద బాగా అనుమానాస్పదంగా ఉన్నదానికి ముక్కలో మామూలు కణజాలమే వచ్చిందంటే, సూది గురి తప్పి ఉండవచ్చు. అలాంటప్పుడు మళ్ళీ బయాప్సీ చేస్తారు. రేడియాలజిస్టు రెండింటినీ పోల్చి చూశారా అని అడగండి. సరిపోయింది అంటే తరువాతి పరీక్ష ఆరు నెలలకా, ఏడాదికా అని అడిగి, ఆ తేదీ రాసుకోండి. రిపోర్టు కాపీ, స్కానింగ్ బొమ్మలు మీ దగ్గర ఉంచుకోండి. ముక్క ఉన్న మైనపు బ్లాకులు ల్యాబులో భద్రంగా ఉంటాయి. ఎప్పుడైనా మరొకరి అభిప్రాయం కావాలనిపిస్తే కొత్తగా సూది పెట్టించుకోనక్కర్లేదు, ఆ బ్లాకులను, పలకలను పంపమని రాసిస్తే సరిపోతుంది.